రోడ్డు అంచున సైకిలు: ప్రొద్దుటూరు పరిసర పట్టణాల్లో సైకిల్ వసతుల సమీక్ష

పట్టణంలో సైకిలు వసతి అంటే తొక్కే మనిషి ఇంటి గడప దాటినప్పటి నుంచి పనిచోట స్టాండు వేసేదాకా కావలసినవన్నీ వస్తాయి. నడిపే దారి, కూడలి దాటే వీలు, రాత్రి వెలుతురు, ఎండకు నీడ, గాలి కొట్టే అంగడి, బండి భద్రంగా నిలిపే చోటు. ప్రత్యేకంగా వేసిన సైకిల్ బాట వీటిలో ఒకటి మాత్రమే. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి పట్టణాల విషయంలో ఈ తేడాను ముందే గుర్తించాలి. ఇక్కడ పాత వీధులు ఇరుకు, మున్సిపల్ ఖజానా చిన్నది. సైకిలు తొక్కేవాళ్లు మాత్రం ఎవరి ప్రోత్సాహమూ లేకుండానే రోజూ రోడ్డు మీద ఉన్నారు.

2011 జనాభా లెక్కల నాటికి ప్రొద్దుటూరులో లక్షా అరవై వేలకు పైగా, పులివెందులలో సుమారు 65 వేలు, జమ్మలమడుగులో సుమారు 46 వేల మంది ఉన్నారు. 1915లో మున్సిపాలిటీ అయిన ప్రొద్దుటూరు బంగారానికి, పత్తికి పేరుపడ్డ వ్యాపార కేంద్రం. చుట్టుపక్కల మండలాలకు సంత, ఆసుపత్రి, కాలేజీ అన్నీ అదే. ఉత్తరాన కుందూ నది పరిసరాల్లోని రాజుపాలెం మండలం ప్రొద్దుటూరు శాసనసభ నియోజకవర్గంలో భాగం. అక్కడి నల్లరేగడి పల్లెల జనం ఎరువుల బస్తాకైనా, పెళ్లి బట్టలకైనా ప్రొద్దుటూరు దారే పడతారు. కాబట్టి ఈ పట్టణాల సైకిలు ప్రశ్నను మున్సిపల్ హద్దు రాయి దగ్గర ఆపేస్తే సగమే కనిపిస్తుంది. మిగతా సగం పల్లె నుంచి పట్టణానికి వచ్చే ఆ ఐదు, పది కిలోమీటర్ల రోడ్డు మీద ఉంది.

తొక్కుతున్నది ఎవరు

2011 జనాభా లెక్కల్లో పనికి వెళ్లే ప్రయాణాల వివరాలు కూడా సేకరించారు. సొంత వ్యవసాయం, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసేవారిలో దేశం మొత్తం మీద దాదాపు 13 శాతం మంది సైకిలు మీదే పనికి పోతున్నట్టు తేలింది. దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న పట్టణాల రోడ్ల మీద మోటారు సైకిళ్లూ టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్లూ పెరిగాయి. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, గ్యాసు బండలు మోసిన సైకిలు స్థానాన్ని చాలావరకు మోపెడే ఆక్రమించింది. గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే అంగళ్లు వీధి వీధికీ ఉన్న రోజులు, రాత్రి డైనమో లైటు లేదనో డబుల్స్ ఎక్కారనో పోలీసులు నిలిపిన రోజులు నడివయసు దాటినవారికి తెలుసు. అప్పట్లో సైకిలు పట్టణపు ప్రధాన వాహనం, రోడ్డు దాని కొలతకే ఉండేది.

ఈనాడు తొక్కేవాళ్లలో ఎక్కువమంది వేరే మార్గం లేనివారు. హైస్కూలు పిల్లలు, మగ్గం పనివాళ్లు, నూనె మిల్లుల్లోనూ పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ పనిచేసే హమాలీలు, రాత్రి కాపలాదారులు, తాపీ పనివాళ్లు, పెట్రోలుకు పెట్టే డబ్బు మిగుల్చుకోవాలనుకునే చిరుద్యోగులు, బండి నేర్చుకునే వయసు దాటిపోయిన ముసలివాళ్లు. వీళ్లలో కౌన్సిల్ సమావేశానికి వచ్చి మాట్లాడేవారు అరుదు. ఆరోగ్యం కోసం తెల్లవారుజామున గేరు సైకిలు తొక్కే డాక్టర్లు, వ్యాపారులు కూడా కొందరుంటారు. వారి గొంతు పైకి వినిపిస్తుంది కాబట్టి ప్రణాళికలు వారి అవసరానికే తూగే ప్రమాదం ఉంది. ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ ముందు చేరాల్సింది ఆరు గంటల వాహ్యాళికి వచ్చినవారికి కాదు, తొమ్మిది గంటలకు బడి గంట అందుకోవాల్సిన పిల్లకు.

ఆడపిల్లల చదువుకూ సైకిలుకూ ఉన్న బంధం రుజువైన విషయం. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో సెకండరీ స్థాయిలో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగినట్టు, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గినట్టు తేలింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువగా కనిపించింది. అంతకుముందే, 1990ల మొదట్లో, తమిళనాడులోని పుదుక్కోట్టైలో కలెక్టర్ షీలారాణి చుంకత్ హయాంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2010ల రెండో సగంలో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. సైకిలు ఇచ్చిన ప్రభుత్వాలు దాన్ని నడిపే దారి గురించి అదే ఉత్తర్వులో ఒక్క మాటైనా చేర్చి ఉంటే ఆ పథకాల ఫలం రెట్టింపయ్యేది. లారీలు తిరిగే రోడ్డు మీదికి కూతురిని సైకిలుపై పంపడానికి తల్లికి గుండె చాలక ఆటో మాట్లాడుకునే ఇళ్లు ఎన్నో.

తారు, మట్టి కలిసే చోటు

పల్లెకూ పట్టణానికీ నడుమ సైకిలిస్టు బతికేది రోడ్డు అంచున. అందుకే ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు దక్కాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి అటు తాడిపత్రి, గుత్తి వైపు, ఇటు మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం రేవు వైపు సాగుతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, పాలిషింగు యూనిట్లు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. సిమెంటు బస్తాల లారీలు, బూడిద ట్యాంకర్లు, బండల ట్రాక్టర్లు, పెన్నా ఇసుక ట్రాక్టర్లు పట్టణాలను కలిపే రోడ్ల మీదే తిరుగుతాయి. వీటి పక్కన సైకిలిస్టుకు దక్కేది తారు చివర తెల్లగీతకు అవతలి జానెడు మేర.

ఆ జానెడు అవతల ఏముందన్నదే అసలు సంగతి. రోడ్డు మీద పొరమీద పొర తారు వేస్తూ పోయి, పక్కన మట్టి బర్మును దానికి సమంగా పూడ్చకపోతే అంచున అరడుగు దిగుడు మిగులుతుంది. వెనక లారీ హారన్ కొట్టగానే సైకిలిస్టు పక్కకు దిగుతాడు. ముందు చక్రం దిగుడులో జారి అదుపు తప్పుతుంది. మళ్లీ పైకెక్కాలంటే హ్యాండిల్ అడ్డంగా తిప్పాలి, ఆ తిప్పడంలో వెనక వచ్చే బండి దారిలోకి పోతాడు. బర్ము మీద పెరిగిన కంపచెట్ల ముళ్లు, ఎండిన పల్లేరు కాయలు ట్యూబును గుచ్చుతాయి. వానాకాలంలో ఇంకో బాధ. నల్లరేగడి బురద టైరుకు పట్టి, మడ్‌గార్డు లోపల బిగుసుకుపోయి, చక్రం తిరగనే తిరగదు. పుల్లతో బురద గీకి, నాలుగు గజాలు తోసి, మళ్లీ గీకాలి. ఎండాకాలంలో అదే రేగడి నెర్రెలు విచ్చి తారు అంచును విరగ్గొడుతుంది.

దీనికి మందు కొత్తదేం కాదు, ఖరీదైనదీ కాదు. తారు అంచుకు సమానంగా గ్రావెల్ పోసి, రోలరుతో గట్టిపరిచి, ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సరిచేయడం. రద్దీ ఎక్కువగా ఉండే చోట, అంటే పట్టణం చివర నుంచి కనీసం మొదటి ఐదు కిలోమీటర్ల మేర, ఆ బర్మును ఒకటిన్నర రెండు మీటర్ల వెడల్పున గట్టిగా తారుతోనే వేయడం. కంప కొట్టించడం. ఐదు కిలోమీటర్లంటే మామూలు వేగంతో తొక్కేవాడికి ఇరవై, ఇరవైఐదు నిమిషాలు. పట్టణానికి రోజూ సైకిలు మీద వచ్చి పోయే దూరం చాలామందికి దాదాపు అంతే. రాజుపాలెం వైపు నుంచి పదికి పైగా కిలోమీటర్లు తొక్కాల్సినవారికి మధ్యలో చెట్టు నీడ, చేతిపంపు దొరికితే అదే పెద్ద సాయం.

వంతెనల దగ్గర అంచు ఉండనే ఉండదు. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకైనా, జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకైనా పెన్నా దాటాలి. వంతెన మీద పిట్టగోడకూ బస్సుకూ నడుమ చిక్కుకున్న సైకిలిస్టుకు తప్పుకునే చోటు లేదు. కొత్త వంతెన కట్టేటప్పుడు రెండు పక్కలా రెండు మీటర్లు పెంచడం మొత్తం ఖర్చులో చిన్న భాగం. కట్టేశాక పెంచాలంటే మాత్రం అసాధ్యమంత కష్టం. రాబోయే అరవై ఏళ్ల సైకిలు దారి గీసిన కాగితం మీదే తేలిపోతుంది.

వంతెనలు లేని చోట కాలువ గట్లున్నాయి. కేసీ కాలువ, మైలవరం కాలువల గట్ల మీద రైతులు ఎప్పటి నుంచో సైకిళ్లు నడుపుతున్నారు. జలవనరుల శాఖ గట్టును గ్రావెల్‌తో చదును చేసి, కార్లు దూరకుండా మొదట్లో రాళ్లు నాటితే లారీల ఊసులేని దారి దొరుకుతుంది. ఊళ్లను సరిగ్గా కలిపే చోట్ల మాత్రమే ఇది పనికొస్తుంది; పొలాల మధ్య ఆగిపోయే గట్టు ఎంత బాగున్నా బడికి పోయే పిల్లకు ఉపయోగం లేదు.

వేగం

ఢీకొన్నప్పుడు దెబ్బ తీవ్రతను నిర్ణయించేది వేగం. వేగం రెట్టింపైతే బండిలోని తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర తగిలిన దెబ్బకు బతికే అవకాశం ఎక్కువ. 50 దాటాక అది గబగబా తగ్గిపోతుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోం ప్రపంచ సదస్సు పాదచారులు, సైకిలిస్టులు, మోటారు వాహనాలు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్ల పరిమితి పెట్టాలని కోరింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రకటనను ఆమోదించింది.

మన దేశంలో 2018 ఏప్రిల్ నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కార్లకు గరిష్ఠ వేగం 70, మోటారు సైకిళ్లకు 60 కిలోమీటర్లు. బడి పిల్లలు సైకిళ్లపై తిరిగే వీధికి ఇది మరీ ఎక్కువ. మోటారు వాహనాల చట్టం కింద ఈ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రానికీ, రాష్ట్రం అధికారమిచ్చిన సంస్థలకూ ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో సైకిలిస్టులు సుమారు 3 శాతం, పాదచారులు దాదాపు 20 శాతం, ద్విచక్ర మోటారు వాహనాలవాళ్లు 44 శాతానికి పైగా. సైకిలిస్టు కోసం వీధిలో వేగం తగ్గిస్తే ముందుగా ప్రాణాలు దక్కేది నడిచేవారికీ మోటారు సైకిలు మీద వెళ్లేవారికీ.

బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు, రోడ్డు ఆకారమే తగ్గించాలి. ఊళ్లలో వేసే స్పీడు బ్రేకర్లు చాలా చోట్ల ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన కాంక్రీటు దిమ్మెలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా తేలే గట్టు అయితే బండి 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటుతుంది. నిటారు దిమ్మె మాత్రం వెనక క్యారియర్ మీద బరువు పెట్టుకున్న సైకిలును కుదిపి పారేస్తుంది, రిమ్ము వంకర్లు పోతుంది. గీత చెరిగిన దిమ్మె రాత్రిపూట కనిపించదు కూడా.

ఊరి లోపల

ప్రొద్దుటూరు గాంధీ రోడ్డు, మైదుకూరు రోడ్డు లాంటి వాటి మీద సమస్య వేగం కంటే ఎక్కువగా ఇరుకుది. అంగళ్ల ముందు నిలిపిన మోటారు సైకిళ్లు, వాటి ముందు తోపుడు బండ్లు, వాటి ముందు ఎక్కేవాళ్ల కోసం ఆగిన ఆటోలు. నడిచేవాళ్లూ సైకిళ్లూ చివరికి రోడ్డు మధ్యకు వస్తారు. ఇలాంటి చోట తెల్లగీత గీసి సైకిల్ దారి అని ప్రకటిస్తే అది రెండో రోజుకే పార్కింగ్ స్థలమవుతుంది. పెద్ద నగరాల్లోనూ అదే జరిగింది. పుణె నగరం కిలోమీటర్ల కొద్దీ వేసిన సైకిల్ బాటలు అక్కడక్కడా తెగిపోయి, అంగళ్లకూ బండ్లకూ చోటుగా మారాయి.

బజారు వీధిలో చేయగలిగింది బండ్ల పార్కింగును వీధి ఒక పక్కకే పరిమితం చేయడం, తోపుడు బండ్లకు చోటు చూపించడం, సరుకు దించే లారీలకు వేళలు పెట్టడం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ద్వారా వారికి స్థలాలు కేటాయించాలి. వారిని తరిమేయడం పరిష్కారం కాదు, సైకిలు మీద వచ్చేవాడు కూరగాయలు కొనేది వారి దగ్గరే.

ఇంకో మార్గం ప్రధాన రోడ్లకు సమాంతరంగా ఉన్న వెనక వీధులు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పట్టణం 1977లో తన నడిబొడ్డును నాలుగు భాగాలుగా విడగొట్టింది. కారు ఒక భాగం నుంచి మరో భాగానికి నేరుగా పోలేదు, బయటి రింగు రోడ్డు చుట్టి రావాలి. సైకిలు, నడక మాత్రం నేరుగా సాగుతాయి. దీనికి పెద్ద నిర్మాణాలు అక్కర్లేదు. కొన్ని వీధి మొనల్లో రాళ్లు, కొన్ని చోట్ల ఒకవైపు రాకపోకలు, అంతే. పాత రాయలసీమ పట్టణాల్లో పేటలు, సందులు ఇప్పటికే అలా అల్లుకుని ఉన్నాయి. సైకిలు పోయే సందు కారు పోలేనంత ఇరుకుగా ఉంటే అది వరమే. ఆ సందుల్లో గుంతలు పూడ్చి, కుక్కలను అదుపు చేసి, నాలుగు దీపాలు పెట్టి, ఏ సందు ఏ బడికి చేరుతుందో బోర్డు రాస్తే ప్రత్యేక బాట కంటే ఎక్కువ ప్రయోజనం.

సైడు కాలువల ప్రస్తావన లేకుండా ఇక్కడి వీధుల మాట పూర్తికాదు. పక్కా కాలువ మీద నాపబండలు పరిచి అంచును వాడుకోవడం ఈ జిల్లాలో సులువు. రాయి పక్కూళ్లోనే దొరుకుతుంది. అయితే బండల మధ్య సందు ప్రయాణ దిశలో ఉంటే సన్నటి సైకిలు చక్రం అందులో ఇరుక్కుంటుంది. సందు అడ్డంగా పడేలా పరచాలి, పాలిష్ చేసిన బండ కాకుండా గరుకు బండ వాడాలి, పూడిక తీసేవాళ్లు ఎత్తిన బండను తిరిగి అదే మట్టంలో పెట్టాలి. ఈ మూడో షరతు దగ్గరే పనులు ఎక్కువగా చెడతాయి.

సైకిలు నిలిపే చోటు ఒకప్పుడు బస్టాండు, సినిమా హాలు దగ్గర చీటీ ఇచ్చే స్టాండు రూపంలో ఉండేది. ఇప్పుడా స్టాండ్లు మోటారు సైకిళ్లతో నిండిపోతున్నాయి. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయ్యాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు అందింది. స్టేషను ఊరికి దూరమైతే అక్కడికి సైకిలు మీద వెళ్లి, తాళం వేసి, రైలెక్కే వీలు ఉండాలి. ఫ్రేము కట్టేసుకోవడానికి నేలలో పాతిన ఇనుప కడ్డీలు, పైన రేకు చాలు.

ఎండ

మే నెలలో ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇంత ఎండలో సైకిలు ఎవరు తొక్కుతారన్న ప్రశ్న తరచూ వస్తుంది. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలోనూ వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 2006 తర్వాత నాలుగైదేళ్లలో సుమారు 120 కిలోమీటర్ల సైకిల్ బాటలు, ఒకదానికొకటి తెగకుండా కలిసేలా వేశారు. నూటికి ఒకటి కూడా లేని సైకిలు ప్రయాణాలు ఆరేడు శాతం దాకా పెరిగాయి. సెవిల్ పాఠం వేడి గురించి కంటే కొనసాగింపు గురించి ఎక్కువ చెబుతుంది: ముక్కలుగా వేసిన బాట ఎవరినీ గమ్యం చేర్చదు. అయినా కడప ఎండ వేరు, దానికి చెట్టు కావాలి. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ వేప, చింత, కానుగ చెట్లు పోతాయి. కొత్త మొక్క నీడ ఇవ్వడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. సైకిలిస్టు దృష్టిలో ఎదిగిన కానుగ చెట్టు కూడా రోడ్డు వసతే, దాన్ని నరికే ముందు వెడల్పు అవసరమేమిటో తేల్చాలి.

తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నాలు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు, 16 మెగావాట్ల విద్యుత్తు. ఇంజనీరింగ్ పరంగా గొప్ప పని, వ్యాయామానికి వచ్చేవారికి వరం. కానీ నగరం లోపల పనికి పోయేవాడి దారిలో అది లేదు. చిన్న పట్టణం దాన్ని నమూనాగా తీసుకుంటే ఊరి బయట అందమైన రెండు కిలోమీటర్ల ట్రాక్, ఊరి లోపల పాత గుంతలు మిగులుతాయి.

2020లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ నగరాల మధ్య సైకిలు పోటీ పెట్టగా వందకు పైగా నగరాలు చేరాయి. 2021లో ప్రకటించిన 11 విజేతల్లో వరంగల్ ఒకటి. శాశ్వత కట్టడాలకు ముందు డ్రమ్ములు, కోన్లు, రంగుతో తాత్కాలికంగా దారి ఏర్పాటు చేసి, జనం ఎలా వాడుతున్నారో చూసి, తర్వాతే నిర్మించడం ఆ పోటీలోని మంచి పద్ధతి. తప్పు జరిగితే డ్రమ్ము జరపడానికి ఖర్చు ఉండదు. ప్రొద్దుటూరు స్థాయి పట్టణానికి ఇంతకంటే తగిన పద్ధతి లేదు. తెలంగాణ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని నాందేడ్‌లో 2000ల చివర్లో కేంద్ర నిధులతో కొన్ని ప్రధాన వీధులను తిరిగి గీశారు. కాలిబాట, సైకిలు బాట, చెట్లు, చిరు వ్యాపారులు అందరికీ చోటు చూపించారు. మెట్రో నగరం కాని ఊళ్లో కూడా ఇది సాధ్యమని అది చూపింది. మైసూరులో 2017లో 450 సైకిళ్లతో మొదలైన ‘ట్రిన్ ట్రిన్’ అద్దె పథకం పర్యాటకులున్న ఊరికి సరిపోయింది. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లే కాబట్టి పర్యాటక శాఖ అక్కడ అలాంటిదాన్ని ఆలోచించవచ్చు. ప్రొద్దుటూరులో మాత్రం అద్దె సైకిళ్ల కంటే సొంత సైకిలు నిలిపే చోటే ముందు కావాలి.

డబ్బు, అధికారం, గుర్తు

ఒకే రోడ్డుకు ఎందరో యజమానులు. జాతీయ రహదారి కేంద్రానిది, జిల్లా ప్రధాన రోడ్లు ఆర్ అండ్ బీవి, పల్లె రోడ్లు పంచాయతీరాజ్‌వి, వీధులు మున్సిపాలిటీవి, గట్లు జలవనరుల శాఖవి. రాజుపాలెం పల్లె నుంచి ప్రొద్దుటూరు బడికి సైకిలు తొక్కే పిల్ల ఒక్క ఉదయంలోనే మూడు శాఖల చేతులు మారుతుంది. వీళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలది జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే రోడ్డు భద్రతా కమిటీయే. సైకిలు అంశం ఆ సమావేశపు అజెండాలో స్థిరంగా ఉండాలి.

డబ్బు విషయానికొస్తే, 2015 నాటి అమృత్ పథకంలో ప్రొద్దుటూరు ఉంది, ఆ పథకంలో కాలిబాటలు, సైకిల్ దారుల వంటి మోటారేతర రవాణాకు చోటూ ఉంది. నిధుల్లో సింహభాగం తాగునీటికే పోయింది, అది సహజమే. 2021లో వచ్చిన అమృత్ 2.0 నుంచి రవాణాను తీసేశారు. స్మార్ట్ సిటీల జాబితాలో కడప జిల్లా పట్టణాలేవీ లేవు. కాబట్టి ప్రత్యేక పథకం కోసం కాచుకోవడం కంటే, ప్రతి రోడ్డు పనిలోనే సైకిలు అంచును భాగం చేయడం ఆచరణీయం. తారు వేసే టెండరులోనే బర్ము పూడిక, కాలువ వేసే టెండరులోనే బండల దిశ రాస్తే అదనపు ఖర్చు చాలా తక్కువ. పులివెందుల ప్రాంతాభివృద్ధి సంస్థ, కడప కేంద్రంగా ఉన్న అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ షరతు పెట్టవచ్చు. కట్టని వీధికి వెడల్పు ఇవ్వడం కాగితం మీద పని.

చట్టం కూడా అండగా ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 138(1ఎ) సెక్షన్ సైకిళ్ల వంటి మోటారు లేని వాహనాల, పాదచారుల రాకపోకలపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో ఆ నియమాలు రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

తెలుగు నాట సైకిలుకు ఇంకో చిక్కుంది. 1983 ఎన్నికల నుంచి అది తెలుగుదేశం పార్టీ గుర్తుగా ప్రతి ఇంటికీ తెలుసు. రోడ్డు మీద సైకిలు బొమ్మ గీస్తే దాన్ని పార్టీ ప్రచారంగా చదివేవారుంటారు. ఉత్తరప్రదేశ్‌లో సైకిలే గుర్తుగా ఉన్న సమాజ్‌వాదీ ప్రభుత్వం నగరాల్లో సైకిల్ బాటలు, 2016లో ఇటావా–ఆగ్రా మధ్య 207 కిలోమీటర్ల సైకిల్ రహదారి వేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే కొన్ని బాటలను తీసేసే మాటలు వినిపించాయి. రంగు కూడా వివాదమే. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ రంగులు వేయడాన్ని 2020లో హైకోర్టు తప్పుపట్టగా, సుప్రీంకోర్టూ ఆ తీర్పును నిలబెట్టింది. రాజకీయ పట్టింపులు గాఢంగా ఉండే ఈ ప్రాంతంలో ఇంజనీర్లు ఈ సంగతిని ముందే ఆలోచించాలి. బర్ము, గ్రావెల్, బండ, చెట్టు, దీపం రూపంలో చేసే పనికి ఏ పార్టీ ముద్రా పడదు. ఏ ప్రభుత్వం వచ్చినా దాన్ని తవ్విపోయదు.

మొదటి పని

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ బాటల ప్రమాణాలు రాసింది, 2015లో సవరించింది. పాత ప్రమాణం ప్రకారం, రద్దీ వేళ గంటకు 100 నుంచి 200 మోటారు వాహనాలు తిరిగే రోడ్డు మీద 400 సైకిళ్లు ఉంటే ప్రత్యేక బాట అవసరం. మోటారు వాహనాలు 200 దాటితే 100 సైకిళ్లున్నా చాలు. ప్రొద్దుటూరు ప్రధాన రోడ్లలో రద్దీ వేళ గంటకు 200 మోటారు వాహనాలు దాటనిది ఏదో వెతకాల్సి వస్తుంది. అంటే ప్రశ్న ఒక్కటే: బడి వేళకు ఆ రోడ్డు మీద వంద సైకిళ్లు ఉన్నాయా, లేవా?

ఈ లెక్క తీయడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. మైదుకూరు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, కొర్రపాడు రోడ్ల మీద, రాజుపాలెం వైపు దారిలో, బడులు తెరిచిన వారంలో ఒక మామూలు రోజు, ఉదయం ఎనిమిది నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఇద్దరేసి వార్డు సచివాలయ ఉద్యోగులో కాలేజీ విద్యార్థులో నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. సైకిళ్లు ఎన్ని, ఆడపిల్లలు ఎందరు, ఎటు నుంచి ఎటు, ఎక్కడ దిగి తోసుకుంటూ నడుస్తున్నారు అన్న నాలుగు గళ్లు గీసుకుంటే చాలు. మున్సిపల్ కౌన్సిళ్లు, మండల పరిషత్తులు వచ్చే జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఈ లెక్క తీయించాలి. దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి, మొదటి ఐదు కిలోమీటర్ల బర్ము పనిని ఆ ఏడాది బడ్జెట్‌లోనే చేర్చాలి.